ట్రాక్టరు బ్యాటరీ ఏల నీరసించును?

2018వ సంవత్సరపు తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము అమలునకు వచ్చి, 2019 సెప్టెంబరులో పల్లెప్రగతి కార్యక్రమము ప్రారంభమైన పిదప, రాష్ట్రములోని 12,700కు పైబడిన గ్రామపంచాయతీలకు ఒక్కొక్క ట్రాక్టరు సమకూడినది. ఇంటింటి చెత్తను డంపింగు యార్డునకు చేర్చుటకు, నాటిన మొక్కలకు ట్యాంకరుతో నీరు పోయుటకు, పండుగలకు ముందు వీధులలోని మట్టి నెత్తి పోయుటకు ఈ బండియే ఆధారము. కొన్ననాడు పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టిన ఈ ట్రాక్టర్లు నేడు క్రొత్తవి కావు. వీటికంటె ఎంతయో పాతవి రైతుల దొడ్లలో కలవు. జగిత్యాల చుట్టుప్రక్కల వరి మడులలో, కోరుట్ల వైపు పసుపు చేలలో, సిరిసిల్ల దిక్కున మానేరు ఒడ్డు గ్రామములలో, ముప్పది నలుబది యేండ్ల క్రిందట కొన్న బండ్లు రెండవ యజమాని చేతిలోనో, మూడవ యజమాని చేతిలోనో ఇంకను పని చేయుచున్నవి.

పంచాయతీదైనను రైతుదైనను ఈ బండ్లకు సామాన్యముగ వచ్చు జబ్బు ఒకటి కలదు. నిన్న సాయంకాలము వరకు చక్కగ నడచిన బండి నేటి ప్రొద్దున ఒక్కసారి 'టిక్కు' మని ఊరకుండును. సెల్ఫ్ తిరుగదు. నలుగురు చేరి త్రోయుదురు. కదలినచో కదలును, లేనిచో ఆ దినమున చెత్త వీధులలోనే యుండును. వేసవి అయినచో రెండు మూడు దినములలో మొక్కలు వాడిపోవును. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని చట్టమే నిర్దేశించినది గనుక ఆ వాడుట సర్పంచి, కార్యదర్శుల మెడకు చుట్టుకొను సంగతి. తదుపరి సమావేశమున 'క్రొత్త బ్యాటరీ కొనుటకు' తీర్మానము వచ్చును. సభ్యులందరును సంతకము చేయుదురు. ఆ సంతకమునకు ముందు తెలిసికొనవలసిన విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిని.

ఒక సంగతి చెప్పెదను. ప్రచార కార్యక్రమము నిమిత్తము కోరుట్లకు కొలది దూరముననున్న ఒక గ్రామమునకు నేను పోయినప్పుడు పంచాయతీ కార్యాలయము ముందు ఆరుగురు ట్రాక్టరును త్రోయుచుండిరి. ఏడాదిన్నర లోపల ఆ బండికి అది రెండవ బ్యాటరీ. మూడవదానికి తీర్మానము వ్రాసి బల్లపై సిద్ధముగ నుంచిరి. "రాత్రి మంచిగనే ఉండె సారూ, పొద్దుగాల సెల్ఫ్ కొడితే టిక్కుమంటున్నది, గంతే" అని డ్రైవరు మొరపెట్టుకొనెను. దుకాణమువాడు నాసి సరుకు ఇచ్చెనని యొకరు, డ్రైవరు పాటలు పెట్టుటచే ఇట్లైనదని యొకరు వాదించుచుండిరి. ఇంతలో మెకానిక్కు పని చేసి మానుకొన్న ఒక వృద్ధుడు ఇంజను ముందునకు వచ్చి, ఫ్యాను బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూచెను. బెల్టు ఉయ్యాల త్రాడువలె లోనికి పోయెను. "బ్యాటరీ తప్పు గాదు సర్పంచి సాబ్, దానికి తిండి వెట్టేటోడు పండుకున్నడు" అని అతడు నవ్వెను.

ఆ తిండి పెట్టువాడెవడు, వాడు పని చేయు విధమేమి అనునదియే మన విషయము.

చెరువు, కాలువ, నీరటి

బ్యాటరీ విద్యుత్తును పుట్టించు యంత్రమని చాలమంది తలంతురు. అది సరి కాదు. బ్యాటరీ ఒక చెరువు వంటిది. పైనుండి వచ్చిన నీటిని చెరువు నిలువ చేసికొని తూము ద్వారా విడుచునట్లు, బ్యాటరీ తనకు చేరిన విద్యుత్తును నిలువ చేసికొని అవసరమైనప్పుడు ఇచ్చును. ఇందు ఆరు అరలు కలవు. ఒక్కొక్క అరలో సీసపు పలకలును, నీటితో కలిపిన గంధకామ్లమును ఉండును. ఒక్కొక్క అర రెండు వోల్టులకు కొంచెము మించి ఇచ్చును గనుక ఆరింటికి 12 వోల్టుల పైచిలుకు అగును. 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతియే నేటికిని మూలము. బ్యాటరీ ఖర్చగుచున్న కొలది పలకలపై తెల్లని సీసపు లవణము పేరుకొనును. తిరిగి ఛార్జి ఎక్కినప్పుడు అది కరగి ఆమ్లములోనికి పోవును. సగము నిండిన స్థితిలో వారముల తరబడి విడిచినచో ఆ లవణము గట్టిపడి ఇక కరుగదు. మంచి బ్యాటరీ చచ్చుటకు ముఖ్య కారణము ఇదియే.

ట్రాక్టరు బ్యాటరీపై 75 అనియో 88 అనియో ఆంపియర్ గంటల లెక్క వ్రాసియుండును. 75 ఆంపియర్ గంటలనగా, గంటకు మూడు ముప్పాతిక ఆంపియర్ల చొప్పున వాడుకొన్నచో ఇరువది గంటలు వచ్చునని అర్థము. సెల్ఫ్ మోటారు ఇంజనును త్రిప్పునపుడు 200 ఆంపియర్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువయు లాగును. ఇది వినగానే స్టార్టు చేయుటవలననే బ్యాటరీ ఖాళీ యగుచున్నదని తోచును. లెక్క వేసి చూతము. 200 ఆంపియర్లు ఐదు సెకనులు లాగినచో మొత్తము 1,000 ఆంపియర్ సెకనులు; గంటకు 3,600 సెకనులు గనుక ఇది ఆంపియర్ గంటలో మూడవ వంతు కూడ కాదు. 20 ఆంపియర్లిచ్చు డైనమో ఒకటి రెండు నిమిషములలో దీనిని పూరింపగలదు. కావున ఒకసారి స్టార్టు చేసినంతనే చెరువు ఎండదు. వచ్చు కాలువ తెగినప్పుడు, లేక కనబడని గండి పడినప్పుడు మాత్రమే ఎండును.

ఆ కాలువయే డైనమో. తీగచుట్టకును అయస్కాంతమునకును నడుమ కదలిక కల్పించినచో తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే చూపెను. ఇంజను తిరుగునపుడు ఫ్యాను బెల్టు డైనమోను త్రిప్పును. ఆ త్రిప్పుటయే విద్యుత్తగును. పాత ట్రాక్టర్లలోనిది అసలైన డైనమో. పొడుగాటి డబ్బా ఆకారమున నుండును. లోపలి చుట్ట తిరుగుచుండగా, దాని చివరనున్న రాగి పట్టీలపై రెండు బొగ్గు ముక్కలు ఒరసికొనుచు విద్యుత్తును బయటకు తెచ్చును. రకమును బట్టి 11 మొదలు 22 ఆంపియర్ల వరకు ఇచ్చును. ఇటీవలి బండ్లలో ఉన్నది ఆల్టర్నేటరు. అది పొట్టిగ, వెడల్పుగ ఉండి, గాలి యాడుటకు ఒంటినిండ సందులు కలిగియుండును. దీనిలో చుట్ట కదలక నిలిచియుండును, అయస్కాంతము తిరుగును. పుట్టిన విద్యుత్తును డయోడులను చిన్న భాగములు ఒకే దిశగా నడపును. మన గ్రామములలో రెండింటిని డైనమో అనియే పిలుతురు. అందువలన నష్టము లేదు గాని, మరమ్మతు చేయించునపుడు ఏది మన బండిలో ఉన్నదో తెలిసియుండుట మంచిది.

ఈ రెండింటికి ముఖ్యమైన భేదము ఒకటి కలదు. ఇంజను నిదానముగ నడచునపుడు పాత డైనమో దాదాపు ఏమియు ఇయ్యదు. బండిని వీధిలో నిలిపి ఇంజను నడుచుచునే యున్నది గదా అని లైట్లు వేసికొన్నచో ఖర్చంతయు బ్యాటరీ మీదనే పడును. ఆల్టర్నేటరు నిదానములో కొంత ఇచ్చును, అయినను తన పూర్తి శక్తికి అది చాల తక్కువ.

ఇక కటౌట్. సినిమాహాలు ముందు కథానాయకుని బొమ్మకును ఇదియే పేరు గనుక పిల్లలు నవ్వుదురు గాని, ట్రాక్టరులో ఇది గంభీరమైన పనివాడు. పాత డైనమో బండ్లలో డ్యాష్‌బోర్డు వెనుకనో, ఇంజను ప్రక్కనో నల్లని మూత గల చిన్న పెట్టె యుండును. దానిలో రెండు చిన్న తీగచుట్టలు కలవు. ఒకటి అసలు కటౌట్. ఇక్కడ బావి మోటారును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మోటారు ఆగినప్పుడు పైపులోని నీరు తిరిగి బావిలో పడకుండ అడుగున ఫుట్ వాల్వు పట్టియుంచును గదా. కటౌట్ చేయు పని అదియే. డైనమో వోల్టులు బ్యాటరీకంటె ఎక్కువైనప్పుడు ద్వారము తెరచును; ఇంజను ఆగి డైనమో వోల్టులు పడిపోగానే మూయును. ఈ ద్వారము మాడి అతుకుకొన్నచో రాత్రియంతయు బ్యాటరీనుండి విద్యుత్తు వెనుకకు డైనమోలోనికి పారును. తెల్లవారుసరికి బ్యాటరీ ఖాళీ. బండి ఆపిన గంట తరువాత కూడ డైనమో వేడి తగ్గక యుండుట దీని గుర్తు. అట్టి అనుమానము కలిగిన తోడనే బ్యాటరీ వైరు ఊడదీయవలెను.

రెండవ చుట్ట రెగ్యులేటరు. దీనిని మన చెరువుల నీరటితో పోల్చవచ్చును. చెరువు నిండుచున్నకొలది నీరటి వచ్చు కాలువను తగ్గించినట్లు, బ్యాటరీ నిండుచున్నకొలది ఇది డైనమో జోరును తగ్గించును. నీరటి నిద్రించినచో రెండు విధముల నష్టము. కాలువ మూసి నిద్రించెనా, చెరువు ఎండును. తెరచి నిద్రించెనా, కట్ట తెగును. బ్యాటరీలో నీరు మాటిమాటికి తగ్గుట, పెట్టె వేడెక్కి ఘాటైన వాసన వచ్చుట, హెడ్‌లైటు బల్బులు పదే పదే మాడుట రెండవ రకపు లక్షణములు. ఆల్టర్నేటరు బండ్లలో రెగ్యులేటరు సాధారణముగ దానిలోపలనే ఇమిడియుండును. ఫుట్ వాల్వు పనిని డయోడులే చేయును గనుక వేరుగ కటౌట్ అక్కరలేదు.

ఎఱ్ఱ దీపము చెప్పు మాట

తాళము త్రిప్పగానే డ్యాష్‌బోర్డుపై చిన్న ఎఱ్ఱ దీపము వెలుగును. ఇంజను స్టార్టయి వేగము కొంచెము పెరుగగానే ఆరిపోవును. ఆరిపోయినచో డైనమో పని కెక్కినదని సామాన్యముగ గ్రహింపవచ్చును. ఇంజను వేగముగ నడుచుచున్నను దీపము వెలుగుచునే యుండిన కాలువ తెగినట్లు. ఇంతవరకు డ్రైవర్లందరికి తెలియును. తెలియనిది, తాళము త్రిప్పినపుడు దీపము అసలే వెలుగకపోవుట. 'దీపము లేదు, బాధ లేదు' అని ఊరకుందురు. అనేక ఆల్టర్నేటర్లలో అయస్కాంతమునకు మొదటి ప్రాణము ఆ బల్బు ద్వారానే పోవును. బల్బు మాడినచో ఆల్టర్నేటరు మేలుకొనక పోవచ్చును. కొన్ని రూపాయల బల్బు కొరకు వేల రూపాయల బ్యాటరీ బలియైన సందర్భములు ఇట్లు కలుగును.

డ్రైవరు ఈ లోపమును వెంటనే కనుగొనలేకపోవుటకు కారణము డీజిలు ఇంజను స్వభావమే. పెట్రోలు బండికి నిప్పురవ్వ కావలెను, రవ్వకు విద్యుత్తు కావలెను. పాత డీజిలు ట్రాక్టరుకు అది అక్కరలేదు. గాలి నొత్తుటవలన పుట్టు వేడికే ఇంధనము మండును, పంపు యంత్రబలముతోనే పని చేయును. ఒకసారి స్టార్టయిన తరువాత బ్యాటరీ ఉన్నను లేకున్నను ఇంజను నడచును. కావున డైనమో సోమవారము చెడినను బండి వారమంతయు పని చేయును. శనివారము ప్రొద్దున కదలదు. ఆనాడు కనబడునది బ్యాటరీ గనుక నింద దాని మీద పడును.

ఇదే సందర్భమున ఒక చెడ్డ అలవాటును గూర్చి చెప్పవలెను. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ వైరును ఊడదీసి, బండి ఆగకపోయినచో డైనమో బాగున్నదని తేల్చువారు కలరు. పైన చెప్పిన కారణముచే డీజిలు బండి ఎట్లును ఆగదు. ఆ పరీక్షవలన తెలియునది ఏమియు లేదు. పైగా ఆల్టర్నేటరు బండిలో వైరు ఊడిన క్షణముననే వోల్టులు ఒక్కసారిగ ఎగసి డయోడులను, రెగ్యులేటరును మాడ్చివేయవచ్చును. మీ కండ్లయెదుట ఎవరైనను ఇట్లు చేయబోయినచో వారింపుడు.

చెత్తబండి దినచర్య

రైతు ట్రాక్టరు పొలమున గంటల తరబడి ఒకే వేగముతో దున్నును. దాని చెరువు నిండుటకు కావలసినంత సమయము లభించును. పంచాయతీ ట్రాక్టరు బ్రతుకు వేరు. పది ఇండ్లకొకసారి ఆగును. ఆగినచోట్ల నిదానముగనో, ఇంజను ఆపియో ఉండును. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయుడని మైకు మ్రోగుచునే యుండును. ఆ యాంప్లిఫయరు ఐదారు ఆంపియర్లు తినును. రెండు గంటలు తిరిగి వచ్చి, బండిని షెడ్డులో పెట్టుదురు. ఉదాహరణకు దినమునకు నాలుగు ఆంపియర్ గంటలు లోటు పడినదనుకొందము. 75 ఆంపియర్ గంటల బ్యాటరీ పది దినములు తిరుగకముందే సగమునకు దిగును. ఎవరును ఏ తప్పును చేయలేదు. డైనమో కూడ చెడలేదు. ఆదాయమునకు మించిన ఖర్చు మాత్రమే జరిగినది. ఇట్టి బండిని వారమునకు ఒకటి రెండు దినములైనను ట్యాంకరు పనికో, ఊరి వెలుపలి పనికో గంట సేపు తగిన వేగముతో నడపినచో లోటు చాలవరకు తీరును. ఇంజను ఆపియున్నప్పుడు మైకును ఆపుట అంతకంటె తేలిక. క్రొత్తగ అదనపు లైట్లు, పాటల పెట్టెలు బిగించుటకు ముందు డైనమో ఎన్ని ఆంపియర్లదో అడుగవలెను. 11 ఆంపియర్ల పాత డైనమోకు రెండు హెడ్‌లైట్లును వెనుక దీపములును వేయగానే ఎనిమిది, తొమ్మిది ఆంపియర్లు సరి. బ్యాటరీకి మిగులునది స్వల్పము.

ఎండను గూర్చియు చెప్పవలెను. ఉత్తర తెలంగాణలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరు దినములు కలవు. ఆ వేడికి బ్యాటరీలోని నీరు త్వరగ తగ్గును, ఊరక నిలిపియున్న బ్యాటరీ కూడ త్వరగ నీరసించును. మూతలు విప్పి చూచుటకు వీలైన బ్యాటరీ అయినచో వేసవిలో పదునైదు దినములకొకసారి చూచి, పలకలు మునుగునంత డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయవలెను. బోరు నీటిలోని లవణములు పలకలను పాడు చేయును. ఆమ్లము ఎన్నడును పోయరాదు. ఆవిరియై పోవునది నీరు గాని ఆమ్లము కాదు.

మీటరు పట్టి చూచు విధము

కొన్ని వందల రూపాయలకు దొరకు మల్టీమీటరు ప్రతి పంచాయతీ కార్యాలయమున నుండదగినది. ఊరిలో బోరు మోటార్లు చూచు ఎలక్ట్రీషియనుకు దాని వాడుక తెలియును. నేర్చుకొనుటకు అరగంట చాలును. సూచికను డి.సి. 20 వోల్టుల గుర్తుపై నుంచి, ఎఱ్ఱ తీగను బ్యాటరీ ప్లస్‌కు, నల్ల తీగను మైనస్‌కు తాకింపవలెను.

మొదట ప్రొద్దున, బండిని కదపకముందు చూడవలెను. 12.6 లేక అంతకు మించి చూపినచో బ్యాటరీ నిండుగ నున్నది. 12.4 అయినచో ముప్పాతిక, 12.2 అయినచో సగము, 12.0 అయినచో పాతిక భాగము. 11.8కి దిగినచో ఖాళీ యనియే చెప్పవలెను. అంకెలలో భేదము చిన్నదిగ తోచును గాని అర వోల్టు తేడా సగము చెరువు.

తరువాత ఒకరు సెల్ఫ్ కొట్టుచుండగా రెండవవారు మీటరు చూడవలెను. సెల్ఫ్ తిరుగునపుడు వోల్టులు పదికి అటు ఇటు నిలిచినచో మంచిది. నిండుగ ఛార్జి యున్న బ్యాటరీయే 9.6కు దిగువ పడిపోవుచున్నచో అది నిజముగ బలహీనమైనది. క్రొత్తది కొనుటకు ఇది న్యాయమైన కారణము. దీనికి విరుద్ధముగ, సెల్ఫ్ 'టిక్కు' మనుచున్నను వోల్టులు 12 వద్దనే కదలక నిలిచినచో బ్యాటరీలో తప్పు లేదు. విద్యుత్తు సెల్ఫ్ వరకు చేరుట లేదు. టెర్మినల్ మీద తెల్లగను పచ్చగను పేరుకొన్న పొడి, వదులైన బోల్టు, లేక త్రుప్పు పట్టిన ఎర్త్ పట్టీ అడ్డుపడుచున్నవి. ట్రాక్టరులో విద్యుత్తు పోవుటకు వైరుండును గాని తిరిగి వచ్చుటకు బండి ఇనుప దేహమే త్రోవ. ఆ దేహమును బ్యాటరీతో కలుపు ఎర్త్ పట్టీ క్రింద బురద, రంగు, త్రుప్పు చేరినచో త్రోవ మూసుకొనును. వేడి నీటిలో వంటసోడా కలిపి కడిగి, మెరయునట్లు గీకి, బిగించి, పైన వాసెలీను పూయుట పావుగంట పని. ఆ సోడా నీరు బ్యాటరీ అరలలో మాత్రము పడరాదు.

మూడవసారి ఇంజను నడుచుచుండగా, నిమిషమునకు సుమారు 1,500 చుట్ల వేగమున చూడవలెను. వోల్టులు 13.8 మొదలు 14.4 వరకు చూపినచో కాలువ పారుచున్నది. ప్రొద్దుటి అంకెయే నిలిచినను, ఇంకను తగ్గుచున్నను డైనమో తిండి పెట్టుట లేదు. 15 దాటినచో నీరటి నిద్రించుచున్నాడు. ఈ స్థితిలో హెడ్‌లైట్లు వేసి మరల చూచినచో వోల్టులు కొంచెము తగ్గినను 13కు పైననే యుండవలెను.

డైనమో తిండి పెట్టుట లేదని తేలినప్పుడు మొదట చూడవలసినది బెల్టు. నడుమ బొటనవ్రేలితో గట్టిగ నొక్కినచో అర అంగుళము మాత్రము లోనికి పోవలెను. ఇదే బెల్టు నీటి పంపును, ఫ్యానును కూడ త్రిప్పును. పూర్తిగ తెగినచో ఇంజను వేడెక్కి తెలియజేయును గాని, వదులైన బెల్టు ఫ్యానును త్రిప్పుచునే డైనమో వద్ద జారుచుండును, ఎవరికిని తెలియదు. కోరుట్ల సమీప గ్రామమున జరిగినది ఇదియే. ఆ వృద్ధుడు రెండు బోల్టులు వదులు చేసి డైనమోను వెనుకకు లాగి బిగించెను. బ్యాటరీని కోరుట్లలోని ఒక దుకాణమున రాత్రియంతయు మెల్లగ ఛార్జి చేయించిరి. పూర్తిగ ఖాళీయైన బ్యాటరీని బండిమీదనే నింపజూచుట కంటె ఇట్లు ఏడెనిమిది ఆంపియర్ల చొప్పున పది పండ్రెండు గంటలు ఎక్కించుట మేలు. మరునాటి ప్రొద్దున మీటరు 12.6 చూపెను.

బెల్టు సరిగ నుండి కూడ ఛార్జి రానిచో పాత డైనమోలో బొగ్గు ముక్కలు అరిగియుండవచ్చును, రాగి పట్టీలకు మసి పట్టియుండవచ్చును. చాలకాలము కదలక పడియున్న డైనమోలో మిగిలిన అయస్కాంత శక్తి కూడ సన్నగిల్లును. మెకానిక్కు బ్యాటరీనుండి క్షణకాలము విద్యుత్తునిచ్చి దానిని మేల్కొలుపును. చుట్ట కాలిపోయినను డైనమోను పారవేయనక్కర లేదు. సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము 1970లో ఏర్పడిన నాటినుండి వ్యవసాయ మోటార్లు, మరమగ్గముల మోటార్లు పెరిగి, కాలిన మోటారును తిరిగి చుట్టు పని అక్కడివారికి క్రొత్త కాదు. డైనమో చుట్ట కూడ అట్టి పనియే. తెలిసిన చేతికి ఇచ్చినచో పాత బండికి తగిన పాత డైనమోయే మరల లేచును. ఒక్క జాగ్రత్త. బ్రిటిషు నమూనాలపై తయారైన కొన్ని పాత బండ్లలో ప్లస్ వైరును దేహమునకు కలుపు ఆచారముండెను. బ్యాటరీ మార్చునపుడు ఇదివరకు ఏ వైరు ఎటు ఉన్నదో చూచుకొని అట్లే బిగింపవలెను. ఆల్టర్నేటరు బండిలో తలక్రిందులుగ బిగించినచో డయోడులు కాలుట నిశ్చయము.

ప్రాణము మీదికి వచ్చు పని

బ్యాటరీ నీరసించిన బండిని నడిపించుటకు డ్రైవర్లు అనుసరించు ఉపాయములలో ఒకటి మిక్కిలి అపాయకరమైనది. పెద్ద చక్రమునకు ముందు నేలపై నిలిచి, సెల్ఫ్ మోటారు మీది రెండు బోల్టులను స్క్రూడ్రైవరుతో కలుపుదురు. సెల్ఫ్ తిరుగును. బండి గేరులో నున్నచో అదే క్షణమున ముందునకు దూకును. నిలిచిన మనిషి వెనుక చక్రము క్రిందికి పోవును. సీటుమీద ఎవరును లేరు గనుక ఆపువారు లేరు. ఇట్లు ప్రాణములు కోల్పోయినవారు అన్ని దేశములలోను కలరు. బండిని దిబ్బమీద నిలిపి, రాతి మొద్దును చక్రము క్రింద పెట్టి, ప్రొద్దున ఆ రాయి తీసి దొర్లించి స్టార్టు చేయు పద్ధతియు ఇంచుమించు అట్టిదే. పాఠశాలకు పోవు పిల్లలు తిరుగు వీధులలో ఇది కూడని పని. తీర్మానములో వ్రాయనక్కర లేదు గాని, డ్రైవరుతో సభ్యులు నేరుగ చెప్పవలెను: సెల్ఫ్ పని చేయనినాడు బండి నడపకున్నను ఎవరును తప్పు పట్టరని. అట్లు చెప్పనంతవరకు చెత్త నిలిచినదను మాట పడుటకు భయపడి అతడు స్క్రూడ్రైవరు పట్టుచునే యుండును.

ఛార్జి ఎక్కుచున్న బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడును. బీడీ నిప్పు తగిలినను, వైరు నిప్పురవ్వ తగిలినను అది ప్రేలి ఆమ్లము ముఖముపై పడును. వైర్లు ఊడదీయునపుడు మొదట దేహమునకు కలిపిన వైరును, బిగించునపుడు చివరకు దానిని పట్టుకొనవలెను. ఆమ్లము కంటిలో పడినచో పదునైదు నిమిషములకు తక్కువ కాకుండ ధారగ నీరు పోసి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

క్రొత్తది కొనక తప్పనప్పుడు బండి తయారీదారు చెప్పిన ఆంపియర్ గంటలదే కొనవలెను. పెట్టెమీది తయారీ నెల చూడవలెను. దుకాణపు అలమారలో ఏడాది కూర్చున్న బ్యాటరీ సగము వయస్సు అక్కడనే గడపినది. వారంటీ కార్డు డ్రైవరు జేబులో గాక కార్యాలయపు ఫైలులో నుండవలెను. ట్రాక్టరు లాగ్‌బుక్కులో డీజిలు లెక్క ప్రక్కననే నెలకొకసారి మూడు అంకెలు వ్రాయుటకు ఒక పేజీ కేటాయించినచో, బ్యాటరీ ఏ నెలనుండి దిగజారుచున్నదో తెలియును, వారంటీ అడుగుటకును ఆ కాగితము పనికివచ్చును. పాత బ్యాటరీని పగులగొట్టి సీసము తీయనీయరాదు. ఆ ఆమ్లమును సీసపు ధూళియు నేలలోను పిల్లల ఒంటిలోను చేరును. 2022వ సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నియమములను బట్టి పాతవానిని తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులపై నున్నది. క్రొత్తది కొన్నచోటనే ఇచ్చి, ధరలో తగ్గింపు వ్రాయించుకొనవచ్చును.

కోరుట్ల సమీప గ్రామమున మూడవ బ్యాటరీ తీర్మానమును ఆ సాయంకాలమే మార్చి, ఫ్యాను బెల్టు ఒకటి, మీటరు ఒకటి అని వ్రాసిరి. మొదటి బ్యాటరీని అంతకు చాలకాలము ముందే పాత సామానులవానికి అమ్మివేసిరట. "అది గూడ మంచిదే ఉండెనేమో సార్?" అని కార్యదర్శి నన్నడిగెను. వృద్ధుడు బీడీ తీయబోయి, బ్యాటరీ వైపు చూచి, మరల జేబులో పెట్టుకొనెను.